కెరటం విరగని చోటు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

అమలాపురం నుంచి నమస్కారాలు.

నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. ముహూర్తాలు లేని రోజుల్లో కెరటాల ఫొటోలు తీస్తాను. పదకొండేళ్లుగా ఇదే అలవాటు. కార్తీకం నుంచి మాఘం దాకా, సముద్రం లేచిందని కబురు తెలిస్తే చాలు, తెల్లవారుజామున బండి తీసి అల్లవరం మీదుగా ఓడలరేవుకో, మలికిపురం దాటి అంతర్వేదికో, ఎస్. యానాం వైపో పోతాను. పొద్దు ఉంటే గోదారి దాటించే నరసాపురం పంటు ఎక్కి పేరుపాలెం దాకా కూడా వెళ్తాను. పుష్యం శూన్యమాసం కాబట్టి ఆ నెలంతా నా కెమెరా సముద్రానిదే. ఈ లేఖ కూడా పుష్యంలోనే రాస్తున్నాను. రాబోయే మాఘంలో అంతర్వేది తీర్థానికి లక్షల మంది వస్తారు, సముద్ర స్నానాలు చేస్తారు. అంతకంటే ముందే, స్నానాలు చేసే ఒడ్డున ప్రాణరక్షకులు, హెచ్చరిక జెండాలు కావాలన్న ఈ మాట మీ దృష్టికి రావాలని నా ఆశ.

మా తీరంలో శీతాకాలపు కెరటం ఎలా ఉంటుందో ముందు చెప్పనివ్వండి. అది చెప్పకపోతే నేను అడగబోయేది ఎందుకు అడుగుతున్నానో తెలియదు.

ఎత్తు మాట చెప్పుకుంటే నైరుతి రోజులదే పైచేయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం కుదురుగా ఉండదు. కానీ అప్పుడు గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొట్టి కెరటాన్ని చిందరవందర చేసేస్తుంది, గోదారి ఎర్రనీళ్లు మొగల నుంచి, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల నుంచి, మైళ్ల దూరం పాకిపోతాయి. ఫొటోకి అదంతా బురద రంగు గందరగోళమే. శీతాకాలానికి వరద తీస్తుంది, ఎరుపు విరిగి నీరు పచ్చబడుతుంది. రాత్రి నేల చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదకి తోలుతుంది. ఆ గాలి ఎదురొచ్చే కెరటాన్ని నిలబెడుతుంది. విరగబోయే కెరటం ఒక క్షణం ఎక్కువసేపు నిటారుగా నిలుస్తుంది. కొన నుంచి తుంపర వెనక్కి, సముద్రం వైపుకి జుట్టు విరబోసినట్టు లేస్తుంది. దానికి తోడు వెలుగు. ఓడలరేవు, అంతర్వేది తీరం దక్షిణ ఆగ్నేయంగా చూస్తుంది. జూన్‌లో సూర్యుడు ఈశాన్యం వైపు నేల మీంచి లేస్తాడు. డిసెంబరులో మాత్రం ఆగ్నేయంగా నీళ్లలోంచి లేస్తాడు. అప్పుడా మొదటి వెలుగు కెరటం గోడలోంచి దూరి వస్తుంది. లేత కొబ్బరాకు రంగు. ఆ రంగుని నేను ఇంకెక్కడా చూడలేదు. తొమ్మిది, తొమ్మిదిన్నరకి గాలి తిరగబడుతుంది, అంతటితో ఆ రోజుకి అయిపోయినట్టే. రెండున్నర గంటల పని అది. ఉప్పు తుంపర లెన్సు మీద పేరుకుంటూ ఉంటుంది, గుడ్డతో తుడుస్తూ ఉండాలి, తుడిచే క్షణంలోనే మంచి కెరటం పోతుంది.

కాకినాడ వాళ్లు నన్ను అడుగుతుంటారు, మా రేవులో తీయవా అని. హోప్ ఐలండ్ అడ్డం ఉంది కదా, దాని వెనక నీరు చెరువులా ఉంటుంది. గోదారి తెచ్చిన ఇసుకే పోగుపడి ఆ దీవి అయింది. ఆ ఇసుకే మా వైపు కెరటాలకీ రూపం ఇస్తుంది.

మొదట్లో నేను కెరటం ఎత్తునే చూసేవాణ్ని. పల్లెపాలెంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా పద్ధతి మార్చాడు. "ఎత్తు సూసి మోసపోకు బాబూ, ఎడం లెక్కపెట్టు" అన్నాడు. కెరటానికీ కెరటానికీ మధ్య ఉండే ఎడం. దగ్గరి గాలికి పుట్టిన కెరటాలు 5, 6 సెకన్లకొకటి వస్తాయి. చూడ్డానికి హడావుడి, బలం తక్కువ. ఎక్కడో వాయుగుండం దగ్గర పుట్టి నడిచొచ్చేవి 10, 12 సెకన్లకొకటి వస్తాయి. వాటి బరువు వేరు. లోతు నీటిలో 12 సెకన్ల కెరటాల గుంపు గంటకి 34 కిలోమీటర్ల దాకా సాగుతుంది. బంగాళాఖాతంలో మనకి 500 కిలోమీటర్ల దూరంలో వాయుగుండం తిరుగుతుంటే, ఆ కెరటం 15 గంటల్లో మా ఇసుక మీద ఉంటుంది. అప్పటికి మా దగ్గర మబ్బు ఉండదు, చుక్క వాన ఉండదు, సరుగుడు తోపులో ఆకు కదలదు. నాకు అన్నిటికంటే మంచి ఫొటోలు దొరికిన రోజులు అవే. మనుషులు నిశ్చింతగా నీళ్లలోకి దిగే రోజులు కూడా అవే.

ఇక అసలు సంగతి.

కెరటం తీరం పొడుగునా ఒక్కలా విరగదు. నీటి కింద ఇసుక మేట ఉన్నచోట విరుగుతుంది. రెండు మేటల నడుమ లోతు పాయ ఉంటే అక్కడ విరగదు. ఒడ్డుకి తోసుకొచ్చిన నీళ్లన్నీ ఆ పాయలోంచే సముద్రంలోకి తిరిగి వెళ్తాయి. ఒడ్డు నుంచి చూస్తే అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగు నున్నటి నీళ్లు. ఫొటోగ్రాఫర్‌కి ఆ పాయ వరం. దాని అంచున కెరటం ఒకేసారి కూలిపోకుండా పక్కకి విచ్చుకుంటూ పోతుంది. నా మంచి ఫొటోల్లో సగం అలాంటి అంచుల దగ్గర తీసినవే. పిల్లల్ని తీసుకుని స్నానానికొచ్చిన తండ్రికి అదే చోటు ఎలా కనిపిస్తుంది? "అక్కడ కెరటాల్లేవు, అక్కడ దిగుదాం" అనిపిస్తుంది.

మూడేళ్ల కిందట ఒక కార్తీక ఆదివారం ఇదే జరిగింది. ఊరి పేరు రాయను, ఆ కుటుంబం ఇంకా ఆ దుఃఖంలోనే ఉండి ఉంటుంది. వనభోజనాలకి వచ్చారు. ఆకాశం కడిగినట్టుంది. అప్పటికి 20 నిమిషాల ముందు ఆ పాయనే నేను ఫొటో తీశాను, బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. ముగ్గురు కుర్రాళ్లు ఆ నున్నటి నీళ్లలోకి దిగారు. నడుము లోతులో నవ్వుతూ ఉన్నవాళ్లు చూస్తుండగానే దూరమైపోయారు. కెమెరా ఇసుకలో పడేసి అరిచాను. వల దగ్గరున్న ఇద్దరు మత్స్యకార యువకులు తాడు పట్టుకుని దూకారు. ఇద్దర్ని తెచ్చారు. మూడో అబ్బాయి మర్నాడు సాయంత్రం దొరికాడు.

మంత్రి గారూ, ఆ ముగ్గురికీ ఈత వచ్చు. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అదే. మా కోనసీమలో కాలవ పక్కన పుట్టిన పిల్లాడికి ఈత ఒకరు నేర్పక్కర్లేదు. కానీ కాలవ ఈతకి ఒకటే సూత్రం: తిన్నగా గట్టు వైపు ఈదు. సముద్రం లాగేటప్పుడు ఆ సూత్రమే ప్రాణం తీస్తుంది. ఎదురు ఈదితే ఎంత బలమున్నవాడైనా రెండు మూడు నిమిషాల్లో అలిసిపోతాడు. ఆ లాగుడు మనిషిని లోపలికి ముంచదు, దూరం తీసుకెళ్తుంది, అంతే. పైకి తేలి ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, నురగ ఉన్నచోటికి చేరితే ఆ కెరటాలే ఒడ్డుకి తెస్తాయి. ఈ నాలుగు మాటలు మా పిల్లలకి ఎవరూ చెప్పలేదు. నాకే నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు.

కార్తీక పౌర్ణమికి ఇంకో చిక్కు ఉంది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దది, పాటూ పెద్దదే. నీరు తీసే వేళ మొగల దగ్గర లాగుడు ఇంకా పెరుగుతుంది. పైగా అది తుపానుల కాలం. 1996 నవంబరు 6న మా కోనసీమని ఊడ్చేసిన తుపాను, 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం తాకిన పెథాయ్, అన్నీ ఈ రోజుల్లోనివే. 2025లో చూడండి: అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, నవంబరు 5న కార్తీక పౌర్ణమి. సరిగ్గా ఎనిమిది రోజులు. తుపాను వచ్చిందంటే నీటి కింద మేటలన్నీ చెదిరి కొత్త పాయలు పడతాయి. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు మనిషి నిలవడు. "ఏటా ఇక్కడే కదా మునుగుతున్నాం" అనే నమ్మకం ఇక్కడ పనికిరాదు. అందుకే ఒక చోట కర్రలు పాతి, తాడు కట్టి, నెలల తరబడి వదిలేస్తే లాభం లేదు. ఆ హద్దు రోజూ మారాలి.

మరి రోజూ మార్చేదెవరు? నీళ్లు చూసి చెప్పగల మనుషులు ఆ ఊళ్లోనే ఉన్నారు. ఓడలరేవు, అంతర్వేది పల్లెపాలెం, ఎస్. యానాం, పేరుపాలెం, ఈ నాలుగు చోట్లా సముద్రం మీద పుట్టి పెరిగిన యువకులున్నారు. వాళ్లకి ప్రాణరక్షణలో, గుండె ఆగినప్పుడు చేయాల్సిన చికిత్సలో శిక్షణ ఇప్పించండి. తేలే బోర్డులు, తాళ్లు, విజిల్, నెలజీతం ఇవ్వండి. పండగ నాలుగు రోజులకి దినకూలీగా కాకుండా, కనీసం కార్తీకం మొదలు మాఘం చివర దాకా, తెల్లవారుజాము నుంచి పొద్దుగుంకేదాకా వాళ్లు ఒడ్డున ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో వాళ్లకి పని ఉండదు. సెలవులకి జనం బీచ్‌లకి పోటెత్తేది కూడా అప్పుడే. ఆ రోజులు కూడా కలిపితే రెండు వైపులా మేలు. పొద్దున్నే వాళ్లలో ఒకరు నీళ్లు చూసి, లాగుడున్న చోట ఎర్ర జెండా, స్నానానికి పనికొచ్చే చోట ఇంకో జెండా పాతాలి. అంతే నేను అడిగేది.

దానికి తోడు ఒక బోర్డు. ఆ రోజు కెరటం ఎత్తెంత, ఎడం ఎన్ని సెకన్లు, పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి. ఈ లెక్కలు ఎవరూ కొత్తగా కట్టక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్రం ఎలా ఉండబోతోందో రోజూ ముందే చెబుతోంది, ఉప్పెన కెరటాలు వచ్చేటప్పుడు హెచ్చరికలు కూడా ఇస్తోంది. నేను బండి తీసేది ఆ అంచనాలు చూసే. నాకు ఫొటో కోసం అందుతున్న సమాచారం, పిల్లల్తో స్నానానికొచ్చిన తల్లికి అందడం లేదు. సుద్దముక్కతో నల్లబల్ల మీద తెలుగులో రాసినా చాలు.

దీని గురించి ఒక కార్యాలయానికి వెళ్లి రెండుసార్లు అర్జీ ఇచ్చాను. మాది కాదు, ఇంకొకరిది అన్నారు. ఇంకొకరి దగ్గరా అదే మాట విన్నాను. మీరు తలుచుకుంటే ఇది ఎవరి పని అనే ప్రశ్న ఒక్క సంతకంతో తేలుతుంది. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

మా తీరానికి పర్యాటకం రావాలని నాకూ ఉంది. ఋషికొండకి 2020లో, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు మాకెప్పుడు అనుకున్నాను. పోయిన డిసెంబరులో విశాఖ నుంచి ఇద్దరు యువకులు సర్ఫింగ్ బోర్డులతో వచ్చి, మేట అంచున కెరటం మీద నిలబడి జారుతుంటే, ఊరి పిల్లలంతా ఒడ్డున కేరింతలు కొట్టారు. నా కెమెరాలో మనిషి ఉన్న కెరటం మొదటిసారి పడింది. ఆ పిల్లల్లో ఒకడు రేపు ఆ బోర్డు మీద నిలబడితే ఎంత బాగుంటుంది! కానీ తీరం అభివృద్ధి అంటే ఇసుక మీద కాంక్రీటు పోయడమే అనుకుంటే మాత్రం దయచేసి ఉప్పాడ రోడ్డుని ఒకసారి చూడండి. సముద్రం ఆ రోడ్డుని ఎన్నిసార్లు కోసిందో, ఎన్నిసార్లు మళ్లీ వేశారో మీకు తెలుసు. మా మేటలు కదిలేవి, మొగలు జరిగేవి. వాటి మీద కట్టిన గోడ నిలవదు. జీతమిచ్చి నిలబెట్టిన మనిషి మేటతోపాటు జరుగుతాడు, సముద్రంతోపాటు నేర్చుకుంటాడు.

నా దగ్గర పదకొండు శీతాకాలాల ఫొటోలున్నాయి. ప్రతిదానికీ తేదీ, సమయం, చోటు ఉన్నాయి. ఏ తీరంలో ఏ నెల పాయ ఎక్కడ పడిందో, తుపాను తర్వాత ఎటు జరిగిందో వాటిలో కనిపిస్తుంది. ఆ కార్తీక ఆదివారం నాటి ఫొటో కూడా ఉంది. శిక్షణకి పనికొస్తాయంటే అన్నీ మీ శాఖకి ఉచితంగా ఇస్తాను. మాఘం ముహూర్తాలు వదులుకుని అంతర్వేది తీర్థం రోజుల్లో ఒడ్డున నిలబడమన్నా నిలబడతాను.

ఒక్కసారి మీరు రండి. సాయంత్రం వద్దు, తెల్లవారుజామున రండి, ఏ పౌర్ణమికైనా సరే. ఓడలరేవులో నీరు తీసే వేళకి ఇసుక మీద నిలబడదాం. నురగ లేని చోటు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ఫొటోగ్రాఫర్,
అమలాపురం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా