పీచ్ పండు వేరు, పీచు వేరు: కాస్త వివరంగా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ పేపరు మా ఇంటికి నాన్న ఉన్నప్పట్నుంచీ వస్తోంది, హెల్త్ పేజీ అయితే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదువుతుంది. పోయిన నెల పీచ్ పండు ఒంటికి మంచిదని చిన్న ఐటెం వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. అందులో రాసింది తప్పని కాదండీ, సగమే రాశారు, ఆ మిగతా సగం లేక మా ఇంట్లో ఏమైందో చెప్తాను.

అమ్మకి 68 ఏళ్ళు, షుగర్ ఉంది. డాక్టర్ గారు వెళ్ళినప్పుడల్లా "పీచు ఎక్కువ తినాలమ్మా" అంటారు, ఆయన చెప్పేది ఫైబర్ గురించి. మీ హెడ్డింగు చూసి అమ్మ, డాక్టర్ గారు చెప్పేది ఈ పండే కాబోలు అనుకుని తమ్ముడికి ఫోన్ చేసింది, వాడికి తాజా పండు దొరక్క సూపర్ మార్కెట్లో టిన్ను తెచ్చిచ్చాడు. పసుప్పచ్చ ముక్కలు పాకంలో ఊరి మెత్తగా ఉన్నాయి, రెండ్రోజులు అన్నం తిన్నాక కప్పుడు తిని, పారేయడం ఎందుకని ఆ పాకం కూడా తాగేసింది. మూడో రోజు షుగర్ చూసే మిషన్ 290 చూపించింది. నేను వెళ్ళి టిన్ను తిప్పి చూస్తే పీచ్ ముక్కల తర్వాత రాసింది చక్కెరే. తాజా పీచ్ 100 గ్రాముల్లో చక్కెర 8 గ్రాముల చిల్లర, చిక్కటి పాకంలో వేసిన టిన్నులో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. పేరు ఒకటే గానీ షుగర్ ఉన్నోళ్ళకి ఆ రెండూ ఒకటి కాదండీ.

అసలు పండు మాత్రం మంచిదే, నేను కాదనను. 90 శాతం దాకా నీళ్ళే, 100 గ్రాములకి 40 కేలరీలు, అంటే మన మామిడిపండు కంటే తీపీ తక్కువే, కేలరీలూ తక్కువే. లోపల పసుపు రంగున్న పండులో ఒంట్లో ఎ విటమిన్ గా మారే బీటా కెరోటిన్ ఉంటుంది, మంచి గుణాలు తొక్కలోనూ దాని కిందా ఎక్కువ, అందుకే నూగు పోయేలా చేత్తో రుద్ది కడిగి తొక్కతోనే తినాలి. తినగానే కొందరికి నోరు, పెదాలు దురద పెడతాయి, అది ఎలర్జీ, అలా అయితే మానేయాలి. కిడ్నీ సమస్య ఉన్నోళ్ళు ఇందులో ఉండే పొటాషియం సంగతి డాక్టర్ని అడిగే తినాలి.

ఇక పీచు సంగతికొస్తే, పీచ్ లో పీచు 100 గ్రాములకి ఒకటిన్నర గ్రాము, అంతే. మన జామకాయలో 5 గ్రాములకి తగ్గదు, సి విటమిన్ అయితే పీచ్ లో 6, 7 మిల్లీగ్రాములుంటే జామలో 200 దాటుతుంది. మొన్న పీచ్ కిలో 320 పెట్టి కొన్నాను, అదే బండి మీద జామకాయలు 80. మీ ఐటెం చదివి, అంత పెట్టలేక పిల్లలకి ఏదో తక్కువ చేస్తున్నామని బాధపడే తల్లులుంటారండీ, వాళ్ళ కోసమైనా జామ గురించి ఒక్క ముక్క రాసుండాల్సింది.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. తర్వాత నేను తాజా పండ్లు తెస్తే మా మేనల్లుడు, ఏడేళ్ళు వాడికి, గుజ్జంతా తిని టెంక పట్టుకుని పెరట్లో రాయి తీసుకుని కొడుతున్నాడు. మనమందరం చిన్నప్పుడు బాదంకాయలు అలాగే కొట్టుకుని తిన్నాం, వాడికి నేర్పింది కూడా మేమే. లోపలి పప్పు అచ్చం బాదంపప్పులాగే ఉంది, నోట్లో పెట్టుకోబోతుంటే మరదలు పరిగెత్తుకెళ్ళి లాక్కుంది. ఆ పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలి మింగితే కడుపులో సైనైడ్ గా మారుతుంది. పొరపాటున టెంక నమలకుండా మింగితే ఆ విషం బయటికి రాదు గానీ గొంతుకి అడ్డం పడే భయం ఉంది, పప్పు నమలడం మాత్రం ప్రమాదమే. మన దగ్గర కాసే పండు కాదు కాబట్టి ఈ సంగతి మన ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు, పేపర్లే చెప్పాలి.

ఈ చెట్టుకి చలికాలంలో బాగా చలి పడాలి, అందుకే హిమాచల్ లో సిర్మౌర్ జిల్లా రాజ్‌గఢ్ లాంటి కొండ ఊళ్ళలో కాస్తుంది, తక్కువ చలికి తట్టుకునే రకాలు పంజాబ్ లో వేస్తారు. అంత దూరం రావాలి కాబట్టి గట్టిగా ఉన్నప్పుడే కోసేస్తారు. ఎర్రగా ఉంది కదా అని కొనొద్దు, ఆ ఎరుపు ఎండ తగిలి వచ్చేది, తొడిమ దగ్గర ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిందా, వాసనొస్తోందా చూడాలి. గట్టి కాయ తెస్తే రెండ్రోజులు బయటే ఉంచితే మగ్గుతుంది, ఆ తర్వాతే ఫ్రిజ్. అన్నట్టు మన ఖుబానీ కా మీఠాలో వేసేది పీచ్ కాదు, ఆప్రికాట్, షాపుల్లో కూడా కలిపేసి చెప్తున్నారు.

నా రిక్వెస్ట్ ఒక్కటే అండి. ఏ పండు గురించి రాసినా ఎంత తినాలి, ఎవరు తినకూడదు, టిన్నా జ్యూసా తాజాదా అన్నది కూడా రాయండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మన ఆహారాల్లో ఏది ఎంతుందో 2017 లో పట్టికలు వేశారు, 2024 లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తో కలిసి ఇచ్చిన గైడ్‌లైన్స్ లో రోజుకి పండ్లు 100 గ్రాములని చెప్పారు, అంటే ఓ మోస్తరు పీచ్ పండు ఒక్కటి. అమ్మ ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి ఒకటి తొక్కతో కోసుకుని తింటోంది, సీజన్ అయిపోతే జామకాయ తింటానంటోంది.

చోటు చాలకపోతే నా ఉత్తరంలో ఏదైనా తీసేయండి, టిన్ను సంగతీ టెంకలో పప్పు సంగతీ మాత్రం కత్తిరించొద్దని నా మనవి.

ఇట్లు
మీ పాఠకురాలు,
హబ్సిగూడ, హైదరాబాద్