ఇన్‌స్టాలర్‌లో నెట్‌వర్క్ ఎంతవరకు ఉండాలి?

మారతహళ్లి, బెంగళూరు

ఒరేయ్ మావా,

"ఒక్క నెట్‌వర్క్ పేజీ కోసం మీ ఆఫీసులో ఇన్ని మీటింగులేంట్రా" అని మొన్న ఫోన్లో అడిగావు. అప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. నువ్వూ తీరిగ్గా చదువు, ఈ విషయంలో నీతో నాకు పనుంది.

మా కస్టమర్లకు ఇచ్చే లినక్స్‌కి కొత్త ఇన్‌స్టాలర్ (దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం) రాస్తున్నాం కదా. డిస్కుల పేజీ, యూజర్ల పేజీ పెద్ద గొడవ లేకుండా అయిపోయాయి. నెట్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. బోర్డు మీద జాబితా ఇలా ఉంది: వైఫై, స్టాటిక్ ఐపీ, ప్రాక్సీ, వీలాన్, బాండింగ్, బ్రిడ్జ్, పీపీపీఓఈ, 802.1ఎక్స్, వీపీఎన్ (ఏది ఏంటో కిందకి వచ్చేకొద్దీ చెప్తా). ప్రతిదానికీ ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకున్నారు. "ఇది లేకపోతే మా కస్టమర్ దగ్గర పనే జరగదు" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కానీ అన్నీ పెట్టేస్తే, హాస్టల్లో కూర్చుని మొదటిసారి లినక్స్ వేసుకుంటున్న కుర్రాడు ఆ పేజీ చూసే బెదిరిపోతాడు. పైగా పెట్టిన ప్రతిదాన్నీ ప్రతి విడుదలకీ నిజమైన నెట్‌వర్క్ స్విచ్‌ల మీద టెస్ట్ చేయాలి. మామూలు ప్రోగ్రాంలో బగ్ దొరికితే అప్‌డేట్ పంపిస్తాం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన ఇన్‌స్టాలర్‌ని ఎవరు అప్‌డేట్ చేస్తారు చెప్పు? ఏడాది పోయాక కూడా సొరుగులోంచి అదే తీసి గుచ్చుతారు. అందుకే టెస్ట్ చేయలేని ఫీచర్ అందులో లేకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మీటింగులో నేను పట్టుకు కూర్చున్నవి రెండే ప్రశ్నలు. ఈ ఫీచర్ లేకపోతే ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుందా? లేకపోతే, మెషీన్ రీబూట్ అయ్యాక దాన్ని సరిచేయాల్సిన మనిషి దాన్ని చేరుకోలేకపోతాడా? ఈ రెంటిలో ఒక్కదానికైనా అవునని జవాబొస్తే తెర మీద చోటివ్వాలి. రెండిటికీ కాదంటే ఇన్‌స్టాల్ అయ్యాక, మాన్యువల్ దగ్గర పెట్టుకుని నింపాదిగా చేసుకునే పని అది.

వీలాన్ సంగతి చూడు. ప్యాకెట్లకి ట్యాగ్ నంబర్లు వేసి, ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టే పద్ధతి అది. "అది సర్వర్ వాళ్ల వ్యవహారం, తర్వాత చేసుకుంటారు" అని మావాళ్లలో సగం మంది తేల్చేశారు. కానీ స్విచ్ పోర్ట్‌ని ట్యాగ్ ఉన్న ట్రాఫిక్ మాత్రమే వచ్చేలా కట్టి ఉంటే, ట్యాగ్ లేని మెషీన్‌కి ఒక్క ప్యాకెట్టూ రాదు. మెషీన్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ జవాబు కూడా రాదు. సర్వరేమో ఎక్కడో డేటా సెంటర్‌లో, దాని అడ్మిన్ ఇంకో ఊళ్లో. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ అందకపోతే అతను ఏం చేస్తాడు? అంటే వీలాన్ రెండు ప్రశ్నలూ దాటినట్టే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం ఇన్‌స్టాలర్ ఉంది కదా, ఉత్త టెక్స్ట్ ప్రశ్నలతో నడిచేది. దాంట్లో కూడా ఏ నెట్‌వర్క్ కార్డుని సెట్ చేయాలని అడిగేచోట మామూలు కార్డులతో పాటు వీలాన్ కూడా కనిపిస్తుంది. అంత పొదుపుగా రాసేవాళ్లు కూడా దాన్ని వదల్లేదంటే ఊరికే కాదు.

ఇంకో ఉదాహరణ నీకూ గుర్తుండాలి. 2018 ఏప్రిల్‌లో ఉబుంటు అనే లినక్స్ 18.04 సర్వర్ వెర్షన్ కొత్త ఇన్‌స్టాలర్‌తో వచ్చింది. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉండేది. కానీ డిస్కుల్ని కలిపి వాడే ఎల్‌వీఎం, రెయిడ్, ఇంకా వీలాన్, బాండింగ్ లాంటివి కావాలంటే, డెబియన్ అనే ఇంకో లినక్స్ తరహా పాత ఇన్‌స్టాలర్ ఉన్న వేరే ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైలు) దించుకోమని వాళ్ల విడుదల నోట్స్‌లోనే రాశారు. తర్వాత అవన్నీ కొత్తదాంట్లోకీ వచ్చి చేరాయి. దీన్ని నేను తప్పుపట్టను. తెలిసే వదిలేశారు, వదిలేశామని ముందే చెప్పారు, పాతదాన్ని పక్కన ఉంచారు. మేమూ అలాగే చేయాలని అడుగుతున్నా. ఏది లేదో డౌన్‌లోడ్ చేసుకునేచోటే రాసిపెడదాం అంటున్నా.

బాండింగ్, అంటే రెండు మూడు కేబుళ్లని ఒకటిగా కట్టడం, అంచు మీద ఉంది. అవతలి స్విచ్, కేబుళ్లని అలా కట్టడానికి వాడే ఎల్ఏసీపీ ఒప్పందం లేనిదే మాట్లాడనని భీష్మించుకుంటే అదీ వీలాన్ లాంటిదే. చాలా స్విచ్‌లలో అలాంటప్పుడు ఒంటరి పోర్ట్‌తో సర్దుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి దీన్ని మొదటి తెర మీదికి తేవడం నాకు ఇష్టం లేదు, "మరిన్ని" అనే బటన్ వెనక ఉంటే చాలు. బ్రిడ్జ్ వర్చువల్ మెషీన్‌లని (మెషీన్ లోపలే నడిచే ఉత్తుత్తి మెషీన్లు) బయటి నెట్‌వర్క్‌కి కలపడం కోసం, తర్వాత పెట్టుకోవచ్చు. వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి, దాని గురించి అయితే చర్చే అనవసరం.

ఇక వైఫై. ఇక్కడ నేను బాగా గొడవపడ్డాను. మా పీజీ హాస్టల్లో ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న మన తెలుగు కుర్రాళ్లు బోలెడుమంది. వాళ్ల ల్యాప్‌టాప్‌లు సన్నటివి, ఈథర్నెట్ పోర్టే ఉండదు. ఉన్నా పీజీ గదిలో కేబుల్ ఎక్కడిది? డ్రైవర్ కోసం ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) కావాలి, ఫర్మ్‌వేర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే ఆ వైఫై కార్డే పనిచేయాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే. డెబియన్ వాళ్లు ఈ ముడిని ఏళ్ల తరబడి మోశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఐఎస్ఓలో పెట్టకూడదన్నది వాళ్ల నియమం. చివరికి 2022లో ఓటింగ్ పెట్టుకుని ఒప్పుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. సిద్ధాంతం మీద అంత పట్టుదల ఉన్నవాళ్లు ఆ నిర్ణయం తీసుకున్నందుకు నాకు వాళ్లంటే గౌరవం పెరిగింది.

అయినా ఫర్మ్‌వేర్ ఉన్నంత మాత్రాన పీజీ వైఫై దారికి రాదు. పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయ్యాక బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కొడితేనే నెట్. పెన్‌డ్రైవ్ మీదే నడిచే లైవ్ డెస్క్‌టాప్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే బ్రౌజర్ ఉంటుంది కాబట్టి గట్టెక్కుతారు. టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో ఆ తంతు కోసం బ్రౌజర్ పెట్టమంటే నేను ఒప్పుకోను. దానికి బదులు నేను అడిగింది యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి ఇవ్వడం. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్‌కి అది ఒక ఈథర్నెట్ కార్డులాగే కనిపిస్తుంది, డీహెచ్‌సీపీతో అడ్రస్ వచ్చేస్తుంది. తెర మీద కొత్త పేజీ అక్కర్లేదు, కొత్త ప్రశ్న అక్కర్లేదు, ఇన్‌స్టాలర్ కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయలో) రెండు మూడు చిన్న మాడ్యూళ్లు (డ్రైవర్ ముక్కలు) ఉంటే చాలు. ఫోన్ లేని కుర్రాడు లేడు, చార్జింగ్ కేబుల్ లేని గది లేదు. ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్లి డాంగిల్ కొనుక్కొచ్చే పని తప్పుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందికి పనికొచ్చే ఫీచర్ ఆ జాబితాలో ఇంకోటి లేదు. మరి దాన్ని ఎవరూ బోర్డు మీద రాయలేదు!

దానికంటే ముఖ్యమైనది "నెట్‌వర్క్ లేకుండానే కొనసాగించు" బటన్. విండోస్ 11 హోమ్ మొదటి సెటప్‌లో ఇంటర్నెట్ ఉండి తీరాలంటుంది. ఆ వైఫై కార్డుకి డ్రైవర్ లేకపోతే మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. మన ఇన్‌స్టాలర్ మనిషిని అలా గుమ్మంలో నిలబెట్టకూడదని, ఏ పరిస్థితిలోనైనా పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానితో మెషీన్ లేచేలా చేయాలని ఖరాకండిగా చెప్పాను. ఇది మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

పీపీపీఓఈ, అంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో బ్రాడ్‌బ్యాండ్‌కి డయల్ చేసే పద్ధతి, దాని గురించి నువ్వు అడుగుతావని తెలుసు. బీఎస్ఎన్ఎల్ మోడెం బ్రిడ్జ్ మోడ్‌లో (తను డయల్ చేయకుండా లైన్ మాత్రం కలుపుతూ) ఉంటే కంప్యూటర్ నుంచే డయల్ చేసిన రోజులు మనిద్దరివీ. ఇప్పుడు ఆ పని రౌటరో ఫైబర్ డబ్బానో చూసుకుంటోంది. డెబియన్ దాన్ని తీసేయకుండా, తెర మీద కనబడకుండా దాచింది: బూట్ లైన్‌లో (ఇన్‌స్టాలర్ లేచేటప్పుడు ఇచ్చే ఆదేశంలో) ఒక మాడ్యూల్ పేరు చేరిస్తేనే ఆ ప్రశ్న వస్తుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. అంటే ఉంచాలా తీసేయాలా అని కొట్టుకోకుండా మూడో చోటు ఒకటి ఉందన్నమాట. బూట్ లైన్, లేదా ముందే రాసిపెట్టుకునే ఫైలు. రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ వాళ్ల అలాంటి ఫైలు కిక్‌స్టార్ట్‌లో వీలాన్, బాండింగ్, బ్రిడ్జ్ అన్నీ ఒక్క నెట్‌వర్క్ లైన్‌లో రాయొచ్చు. ఉబుంటు వాళ్ల ఫైలు ఆటోఇన్‌స్టాల్ అయితే, వాళ్లు నెట్‌వర్క్ సెట్టింగులు రాసుకునే నెట్‌ప్లాన్ రాతనే ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. వందల సర్వర్లు నిలబెట్టేవాడు ఎలాగూ తెర ముందు కూర్చోడు, వాడికి కావాల్సింది ఆ ఫైలే. గుర్తింపు చూపిస్తేనే నెట్‌వర్క్‌లోకి రానిచ్చే 802.1ఎక్స్‌ని కూడా అక్కడికే పంపేద్దాం అన్నాను, సర్టిఫికెట్లు అప్పటికప్పుడు చేత్తో కొట్టేవి కావు కదా.

ప్రాక్సీ, అంటే నెట్‌కి వెళ్లే దారిలో ఉండే మధ్యవర్తి సర్వర్, ఆ విషయంలో మాత్రం నీ పేరే చెప్పాను. మీ కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్సీ లేనిదే ఒక్క ప్యాకేజీ దిగదు కదా. ఒక్క గడి, అదీ ఖాళీగా వదిలేయొచ్చు. చాలా కాలేజీలు, ఆఫీసులు దాని మీదే నడుస్తున్నాయి.

స్టాటిక్ ఐపీకి (మనమే చేత్తో ఇచ్చే, మారని అడ్రస్) నాలుగే గడులు: అడ్రస్, మాస్క్ (మన నెట్‌వర్క్ హద్దు చెప్పేది), గేట్‌వే (బయటికి దారి), డీఎన్ఎస్ (పేర్లని అడ్రసులుగా మార్చేది). గేట్‌వే వేరే సబ్‌నెట్‌లో (ఆ హద్దుకి బయట) ఉందనిపిస్తే హెచ్చరించాలే గానీ ఆపేయకూడదు. కొన్ని హోస్టింగ్ కంపెనీలు నిజంగానే అలా ఇస్తాయి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే పైనున్న మాట. ఫీచర్లు లేకపోవడం కంటే, ఉన్న డీహెచ్‌సీపీ ఎందుకు ఫెయిలైందో చెప్పకపోవడం వల్లే జనం ఎక్కువ అవస్థపడుతున్నారు. స్పానింగ్ ట్రీ (కేబుళ్ల వలయంలో ప్యాకెట్లు గిరగిరా తిరగకుండా ఆపేది) పాత పద్ధతిలో నడిచే స్విచ్ ఉందనుకో. కేబుల్ గుచ్చగానే లైటు వెలుగుతుంది, లింక్ వచ్చిందని ఇన్‌స్టాలర్ సంబరపడి అడ్రస్ అడిగే డిస్కవర్ ప్యాకెట్ పంపేస్తుంది. కానీ స్విచ్ ఆ పోర్ట్‌ని లిజనింగ్‌లో 15 సెకన్లు, లర్నింగ్‌లో 15 సెకన్లు ఆపి ఉంచుతుంది. ఆ 30 సెకన్లలో పంపినవన్నీ గంగపాలే. ఈలోపే చేతులెత్తేసే ఇన్‌స్టాలర్ "నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ విఫలం" అని ఒక ఎర్ర లైను చూపిస్తుంది. చూసినవాడు కేబుల్ మారుస్తాడు, తర్వాత కార్డు మారుస్తాడు, ఆ తర్వాత లినక్స్‌నే వదిలేస్తాడు. ఇక్కడ చేయాల్సింది ఎంత చిన్నదో చూడు. ఇంకాస్త ఓపిక పట్టాలి, "మళ్లీ ప్రయత్నించు" బటన్ ఇవ్వాలి, మనిషికి నిజం చెప్పాలి. కేబుల్‌లో లింకే లేదా, లింక్ ఉండి జవాబు రాలేదా, అడ్రస్ వచ్చి డీఎన్ఎస్ పలకడం లేదా? ఈ మూడూ వేర్వేరు వాక్యాలుగా తెర మీద కనిపించాలి. వీటిని తెలుగులో కూడా నేనే రాస్తానని ఒప్పుకున్నా. రాశాక నీకు పంపుతా, మీ ల్యాబ్ అసిస్టెంట్‌కి చూపించి అర్థమైందో లేదో కనుక్కో.

ఇంకొకటి. ఇన్‌స్టాలర్‌లో కొట్టింది కొట్టినట్టే ఇన్‌స్టాల్ అయిన సిస్టంలోకి చేరాలి. వైఫై పాస్‌వర్డ్ రూట్ (అడ్మిన్) తప్ప ఇంకెవరూ చదవలేని ఫైల్లో ఉండాలి. స్టాటిక్ ఐపీ అదే కార్డుకి అంటుకోవాలి. 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌ని లేపి నడిపే ప్రోగ్రాం) కార్డుల పేర్లు పెట్టే పద్ధతి మార్చినప్పటి నుంచి, ఇన్‌స్టాలర్‌లో ఒక పేరు, రీబూట్ అయ్యాక ఇంకో పేరు వచ్చే ప్రమాదం రెండు చోట్లా నియమాలు వేరైతే ఉండనే ఉంది. అందుకే కార్డుకి పుట్టుకతో వచ్చే మ్యాక్ అడ్రస్‌తో పట్టుకోమన్నాను. మా టీములో ఒకావిడ దీని మీద టెస్టులు రాస్తోంది, చాలా శ్రద్ధగా చేస్తోంది.

ఇప్పుడు నీ పని. మీ ల్యాబ్ స్విచ్‌లలో వీలాన్ ట్యాగ్ ఉన్న పోర్ట్‌లకి పీసీలు ఎన్ని తగిలించారు, ప్రాక్సీకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా కావాలా, స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందా, ఈ మూడూ కనుక్కుని శుక్రవారం లోపు వాట్సాప్‌లో పెట్టు. సోమవారం మీటింగులో పేజీ ఖాయం చేస్తారు. పాస్‌వర్డ్ కావాలంటే మాత్రం ఆ ఒక్క గడి మూడు గడులవుతుంది, దానికోసం మళ్లీ వాదించాలి. అమ్మకీ నాన్నగారికీ నమస్కారాలు చెప్పు.

ఉంటా మరి,
నీ మావ