పింఛను అప్పీలులో తోడొచ్చిన క్యాలిపర్ అన్నకు

వైకల్యం శాతం తగ్గించి ‘అనర్హులు’ అని నోటీసిచ్చారని వేసిన చిన్నాయన వికలాంగుల పింఛను అప్పీలు నెగ్గింది. కొత్త సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చేది) పింఛనుకి కావాల్సిన 40 శాతం పైనే వేశారు, పక్కన ‘శాశ్వతం’ అని కూడా ఉంది. ఒళ్ళు హూనమైపోయి ఉంది గానీ ఇప్పుడు రాయకపోతే రేపటికి సగం మర్చిపోతాను. పిన్నమ్మకీ తమ్ముళ్ళకీ బావకీ విడిగా థాంక్స్ లేదు, చెబితే తిడతారు.

చెప్పాల్సింది ఆ అన్నకి. పేరు తెలియదు, కొండాపురం వైపు అన్నాడు. ఎడమ కాలికి పోలియో, ఆ కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్ వేసుకుని ఉన్నాడు. ఆయనా అప్పీలుకే వచ్చాడు. ఆసుపత్రి వరండాలో మా పక్కన కూర్చుని చిన్నాయన్ని ఒకసారి చూసి, "ఫ్లోరైడా పెద్దాయనా?" అన్నాడు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు బిగుసుకుని, మెడ తిరగక ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళని ఉదయగిరి, వరికుంటపాడు మెట్టలో ఎవరైనా పోల్చుకుంటారు లెండి.

నోటీసు తీసుకుని చదివాడు. పాత శాతం, కొత్త శాతం, ‘అనర్హులు’ అని ఒక్క ముక్క, అంతే. "పేదోళ్ళం, దయ చూడండి అని అర్జీలో రాయబాకండి. డాక్టరుకి దాంతో పనిలేదు. ఏ కీలు యాడ దాకా కదలతా ఉందో అది రాయండి," అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఇంత వివరంగా ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

సదరంలో రోగం పేరుకి మార్కుల్లేవు, కదలికకే ఉన్నాయి. తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందని రిపోర్టు పెట్టినా శాతం రాదు. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో గోనియోమీటర్ పెట్టి కొలుస్తారు, కండరం బలం 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు, లేవడం కూర్చోవడం నడవడం చూస్తారు. ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు ఉన్న మనిషికి అన్యాయం జరిగేది ఇక్కడే. ప్రమాదంలో కాలు పోయినవాళ్ళకి చూడాల్సిన చోటు ఒకటే. ఫ్లోరైడ్ అట్లా కాదు. మెడ కొంచెం, నడుము కొంచెం, తుంటి, మోచేయి, భుజం అన్నీ తలా కాస్త బిగుసుకుంటాయి. హడావుడిలో ఒక్క మోకాలు చూసి పంపితే 40 ఎట్లా వస్తుంది?

ఒకటికి మించి లోపాలుంటే వాటిని మామూలు కూడికలా కూడరు. పెద్దదాన్ని ‘ఎ’ అనుకుంటే, చిన్నది ‘బి’. ఎ ప్లస్ బి ఇంటూ (90 మైనస్ ఎ) బై 90. ఉదాహరణకి నడుముకి 30, తుంటికి 20 వచ్చాయనుకోండి. 20ని 60తో గుణించి 90తో భాగిస్తే 13.3. దాన్ని 30కి కలిపితే 43.3. విడివిడిగా చూస్తే రెండూ 40 లోపే, కలిపితే పైన. తుంటి చూడకపోతే ఆ మనిషికి పింఛను లేదు. ఈ లెక్క ఆ అన్న నోటీసు జిరాక్స్ వెనకాల పెన్నుతో వేసి చూపించాడు. ఆ కాగితం నేను పారేయను.

అందుకని అర్జీలో ఒక్కో కీలుకి ఒక్కో లైను రాయించాడు. చేయి నోటిదాకా వస్తుందా, తల వెనక్కి పోతుందా, నేల మీద కూర్చుంటే పట్టుకోకుండా లేవగలడా, ఇట్లా. ఎక్స్‌రేల్లో వెన్ను, తుంటి అందరూ తీయిస్తారు. ముంజేయి కూడా తీయించమన్నాడు. ఫ్లోరోసిస్ ముదిరితే ముంజేతి రెండెముకల నడుమ ఉండే పొర సున్నంలా గట్టిపడి ఫిల్ములో తెల్లగా కనపడుతుంది, ఇది వయసుతో వచ్చే కీళ్ళ నొప్పి కాదని డాక్టరుకి అక్కడే తెలుస్తుంది. ఫిల్ము మీద పేరు, తేదీ లేకపోతే పక్కన పడేస్తారు, అక్కడే చూసుకోవాలి.

ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యమైంది. మన పెద్దవాళ్ళకి డాక్టరు ముందు మొహమాటం. వంగమంటే పళ్ళు బిగబట్టి వంగుతారు, నొప్పిగా ఉందా అంటే ‘పర్లేదు సార్’ అంటారు. ఆ పర్లేదుకే శాతం పోతుంది. "నొప్పి తగిలిన కాడ ఆగు పెద్దాయనా. లేనిది చూపబాక, ఉన్నది దాయబాక," అని చిన్నాయన చేత రెండు మూడు సార్లు వరండాలోనే చేయించి చూశాడు.

ఎక్స్‌రే అయ్యాక చిన్నాయన చొక్కా గుండీలు పెట్టుకోలేక నిలబడ్డాడు. మోచేతులు వంగవు, పై గుండీ అందదు. మేం ఇద్దరం కాగితాలు సర్దే పనిలో ఉన్నాం. ఆ అన్న క్యాలిపర్ కాలు చాపి గోడకి ఆనుకుని, ఏమీ మాట్లాడకుండా కింద నుంచి మెడదాకా గుండీలన్నీ పెట్టి, కాలరు సర్ది, "పద, లోపలికి పిలుస్తా ఉండారు," అన్నాడు. అప్పటిదాకా ఆఫీసుల చుట్టూ తిరిగినా రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది. మేం బయటికొచ్చేసరికి ఆయన లేడు. ఆయనది ఏమైందో తెలియదు. ఇది చూస్తే ఒక్క మాట పెట్టు, అన్నా.

ఇప్పుడు కడుపుమంట. శాతం తగ్గించినప్పుడు దేనికెంత వేశారో నోటీసులో రాస్తే ఏం పోతుంది? ఎందుకు తగ్గిందో తెలియకుండా అప్పీలులో ఏం రాయాలి? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 59వ సెక్షన్ అప్పీలు హక్కు ఇచ్చింది, అది దయ కాదు. కౌంటర్లో మాత్రం దయ చూపిస్తున్నట్టే మాట్లాడతారు. అప్పీలు నడిచినన్నాళ్ళు పింఛను వస్తుందా రాదా అంటే ఒక్కొక్కరు ఒక్కో మాట. నెలకి 6,000 మీద బతికే ఇంట్లో ఆ మాట ఎంత బరువో వాళ్ళకేం తెలుసు. 60 నిండితే వృద్ధాప్య పింఛను 4,000 ఉంటుందిగా అని ఒకరు సలహా. చిన్నాయనకి ఇంకా 60 రాలేదు సార్, నడుం మాత్రమే ముసలిదైంది.

నోటీసు వచ్చినవాళ్ళు చేయాల్సింది: సంతకం పెట్టేటప్పుడు పక్కన ఆ రోజు తేదీ వేయండి, గడువు గొడవొస్తే అదే ఆధారం. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. పాత సర్టిఫికెట్, కొత్తది, నోటీసు, ఆధార్, చికిత్స చీటీలు సెట్లుగా కుట్టుకోండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి. మండలంలో కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, నంబరు రాసుకోండి.

అయ్యో, మర్చిపోయా. సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్ అమ్మాయి సర్వర్ లేనప్పుడు రాత్రి ఇంటి నుంచి స్లాట్ చూసి ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి చాలా థాంక్స్. ఎక్స్‌రే గదిలో చిన్నాయన్ని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే చేయి ఫిల్ము తీసిన టెక్నీషియన్‌కి కూడా. జిరాక్స్ షాపు బాబాయి చివరి సెట్టుకి డబ్బు తీసుకోలేదు. వింజమూరు బస్సు కండక్టర్ ముందు సీటు ఖాళీ చేయించాడు. ఇంకెవరో వీల్‌చైర్ తెచ్చిచ్చారు, మొహం కూడా సరిగ్గా చూడలేదు, ఇది చదివితే మీకూ.