ముందు కాటా సంగతి చూడండి మంత్రిగారూ

గౌరవనీయ కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒడిశాలో కోరాపుట్ జిల్లా సిమిలిగుడ మనిషిని, అల్లం, కూరగాయల వ్యాపారం చేస్తాను. మా తాత విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ చిన్న దుకాణం పెట్టుకున్నాడు, అప్పటినుంచి మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుకుంటూ బతుకుతున్నాం. కుందులి సంతలో కొన్న సరుకు పికప్‌లో వేసుకుని పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు, విజయనగరం తీసుకెళ్తాం. అదే 26వ నంబరు జాతీయ రహదారి మీద మా అల్లంతో పాటు గంజాయి కూడా దిగుతోంది, అది మీకు తెలియని విషయం కాదు.

మత్తుమందులను పట్టుకోవడానికి కొత్త టెక్నాలజీ తెస్తామని మీ శాఖ చెబుతూనే ఉంది. డ్రోన్లు, ఉపగ్రహాలు, స్కానర్లు అన్నీ రావలసిందే, నేను వద్దనేవాణ్ణి కాను. మా వీధిలోనే ఇద్దరు కుర్రాళ్ళు గంజాయికి అలవాటుపడి చదువు మానేసి, ఇంట్లో సామాన్లు అమ్ముకునే దాకా వచ్చారు, వాళ్ళ తల్లిదండ్రుల ముఖాలు రోజూ చూస్తున్నాను. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్న మనిషిగా నేను చూసింది ఏమిటంటే, గంజాయిని పట్టుకోవడంలో కంటే పట్టుకున్నాక జరిగే పనిలోనే లోపం ఎక్కువగా ఉంది. మూటను ఎలా తూచారు, నమూనా ఎలా తీశారు, సీల్ ఎలా వేశారు, అది కోర్టుకు చేరేలోపు ఎక్కడెక్కడ ఉంది, ఇవే చివరికి కేసును నిలబెట్టేవీ పడగొట్టేవీ. కొత్త టెక్నాలజీలో మొదటి రూపాయి వీటి మీద పెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఒకసారి పంచనామాకు సాక్షిగా సంతకం పెట్టాను. ఎక్కడ, ఏ స్టేషన్ అన్నది రాయను, ఎవరినో వేలెత్తి చూపించాలని కాదు. నవంబరు నెల, వాయుగుండం పట్టి మూడు రోజులుగా ముసురు. సరుకు దించేసి తిరిగి వస్తుంటే పోలీసులు బండి ఆపి, సాక్షి కావాలి రమ్మన్నారు. రోడ్డు పక్కన మోటార్‌సైకిల్, దాని పక్కన తడిసి ముద్దయిన ఇరవై ఏళ్ళ కుర్రాడు, వాడి కాళ్ళ దగ్గర గోనెసంచి. చెట్టు కొమ్మకు కొక్కెం కాటా కట్టి, ఆ సంచిని ఉన్నపళంగా దానికి తగిలించారు. నా ఫోన్ లైటు వేసి పట్టుకున్నాను. గాలికి సంచి ఊగుతుంటే అంకెలు 20.6 అని, 21.2 అని, మళ్ళీ 20.8 అని మారుతున్నాయి. సంచి అడుగునుంచి నీళ్ళు కారి నా చెప్పుల మీద పడుతున్నాయి. 21 కేజీలు అని రాసుకున్నారు, నేను సంతకం పెట్టాను, టీ తాగి ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకంటే నేను అల్లం వ్యాపారిని. తడి గోనెసంచికి కేజీ పైగా తగ్గించకుండా నేను ఏ రైతు దగ్గరా సరుకు కొనను. దాన్ని మేం తరుగు అంటాం. పచ్చి అల్లం ఎండి సొంఠి అయ్యేసరికి వంద కేజీలకు ఇరవై దగ్గరికి వస్తుంది. తడి ఎంత, సంచి ఎంత, మట్టి ఎంత అని లెక్క కట్టడమే నా వృత్తి. అటువంటివాణ్ణి, నా రెండు బస్తాల అల్లానికి కట్టే లెక్క కూడా ఒక మనిషి జీవితానికి కట్టకుండా సంతకం పెట్టేశాను.

గంజాయికి 20 కేజీల గీత ఎంత పెద్దదో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ చదివే మిగతావాళ్ళ కోసం చెబుతాను. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేజీ వరకూ చిన్న పరిమాణం, శిక్ష ఏడాదికి మించదు. కేజీ దాటి 20 వరకూ పదేళ్ళ దాకా పడొచ్చు. 20 దాటితే వాణిజ్య పరిమాణం, అప్పుడు పదేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ దాకా, జరిమానా కనీసం లక్ష. పైగా 37వ సెక్షన్ అడ్డం వస్తుంది కాబట్టి బెయిలు దొరకడం దాదాపు అసాధ్యం. ఆ కుర్రాడు మోశాడు, తప్పు చేశాడు, శిక్ష పడాల్సిందే, నేను కాదనను. కానీ ఆ సంచి బరువు, అందులోని నీళ్ళ బరువు తీసేస్తే వాడు గీతకు ఏ పక్కన ఉండేవాడు? వాడు రెండేళ్ళకు పైగా జైల్లోనే గడిపాడు. వాళ్ళమ్మ సంతలో అడ్డాకులు అమ్ముతుంది. నేను కనిపిస్తే ఇప్పటికీ మంచిగానే పలకరిస్తుంది, నేనే తలెత్తి మాట్లాడలేకపోతున్నాను.

ఇంకో మాట. ఆ చట్టంలోనే గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు అని రాసి ఉంది, కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు ఉంటే అది గంజాయి కిందికి రాదు. మరి రోడ్డు మీద మూటను మూటగా తూస్తే ఏది కొస, ఏది కాడ, ఏది నీళ్ళు?

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్ళి చూడండి. చేతిలో పట్టే తేమ మీటర్ ఉంటుంది, గుప్పెడు వడ్లు పోస్తే నిమిషంలో తేమ ఎంతో చెబుతుంది, 17 శాతం దాటితే ఆరబెట్టుకుని రమ్మంటారు. రైతు వడ్లకు ఉన్న పరికరం మనిషిని పదేళ్ళు లోపల పెట్టే మూటకు ఎందుకు ఉండకూడదు? చట్టంలో బరువు మాటే ఉంది, తేమ మాట లేదు, నిజమే. కానీ సంచి బరువు వేరుగా, సరుకు బరువు వేరుగా, తేమ శాతం వేరుగా రాసి ఉంటే జడ్జి గారు చూసుకుంటారు కదా. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ మీ శాఖ కిందే ఉంది, అక్కడ మత్తుమందుల పరిశోధన కేంద్రాన్ని 2021 జూలైలో ప్రారంభించారు కూడా. గంజాయికి సరిపోయే తేమ మీటర్, తూకాన్ని చేత్తో రాసే పని లేకుండా నేరుగా పంచనామాలోకి పంపే కాటా తయారుచేయమని వాళ్ళకు చెప్పండి. ఇదేమీ రాకెట్ పంపినంత పని కాదు.

మా దుకాణంలో కాటాకు లీగల్ మెట్రాలజీ, అంటే తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటా అయితే ఏటా ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. అర కేజీ టమాటాలకే ఇంత పట్టింపు ఉన్నప్పుడు, పోలీసు జీపులో ఉండే కొక్కెం కాటాకు ముద్ర ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో పంచనామాలో రాయాలన్న నియమం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

మీరు కఠినంగా ఉండాలనుకునే మంత్రి కాబట్టి ఇది దొంగలకు సాయం చేసే మాటగా వినిపించవచ్చు. నిజానికి తిరగేసి చూస్తే నష్టం మీకే ఎక్కువ. లారీ నిండా దొరికినవాడికి పెద్ద వకీలు ఉంటాడు, ఆయన మొదట పట్టుకునేది ఈ లోపాలనే. నమూనాలు మేజిస్ట్రేట్ ఎదుట తీయాలని చట్టంలో 52ఏ సెక్షన్ ఉంది, 2016లో సుప్రీంకోర్టు మోహన్‌లాల్ కేసులో గట్టిగా చెప్పింది, 2022 డిసెంబరులో కొత్త నియమాలు కూడా వచ్చాయి. అయినా రోడ్డు మీదే గుప్పెడు తీసి కవర్లో వేసి లక్క ముద్ర కొట్టడం చూశాను. వకీలు లేని కుర్రాడు లోపల మగ్గుతాడు, వకీలు ఉన్న సావుకారు బయటికి వస్తాడు.

నన్ను కోర్టుకు పిలిచింది నాలుగో ఏడు. సంచి తెచ్చి, ఆరోజు చూసింది ఇదేనా అని అడిగారు. బూజు పట్టి, సగానికి సగం కుంగిపోయి ఉంది, చీటీ మీద అక్షరాలు చెదిరిపోయాయి. అదే అని ఎలా చెప్పను? కాదని ఎలా చెప్పను? 2022లో మథురలో 581 కేజీల గంజాయిని ఎలుకలు తినేశాయని పోలీసులే కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రతి సంచికీ చెరపలేని క్యూఆర్ సీల్ వేసి, పట్టుకున్న సరుకు దాచే మాల్‌ఖానాలోకి వెళ్ళినప్పుడు, బయటికి తీసినప్పుడు మళ్ళీ కాటా వేసి, ఆ అంకె తేదీతో సహా కోర్టు కంప్యూటర్‌లోకి దానంతటదే ఎక్కితే ఈ అవస్థ ఎవరికీ ఉండదు. 2024 జూలై 1 నుంచి సోదాను వీడియో తీయాలని, నేర విచారణ పద్ధతికి తెచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 105వ సెక్షన్ పెట్టారు, అందుకు ఈ-సాక్ష్య యాప్ ఇచ్చారు, చాలా మంచి పని. మా ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అక్కడ కూడా వీడియో ఫోన్‌లో భద్రంగా ఉండి సిగ్నల్ రాగానే వెళ్ళేలా, ముఖ్యంగా కాటా అంకె వీడియోలో స్పష్టంగా కనిపించేలా చూడండి.

ఇక చెక్‌పోస్టుల సంగతి. గంజాయి మూటలు కూరగాయల లోడు కింద దాచి తీసుకెళ్తారు కాబట్టి మా బండ్లు ఆపడంలో తప్పు లేదు. కానీ ఎలా వెతుకుతున్నారంటే, బస్తాలో ఇనుప ఊచ గుచ్చి. ఒకచోట నా బండిలో నలభై బస్తాలకూ గుచ్చారు. ఊచ దిగిన చోట అల్లం దుంప మర్నాటికి నల్లబడి, మూడో రోజుకు కుళ్ళు పక్కదానికి పాకుతుంది. సాలూరులో కొనేవాడు బస్తా విప్పి వాసన చూసి సగం రేటు చెప్పాడు. ఆ రోజు నా దగ్గర ఏమీ దొరకలేదు, ఎవరూ ఏమీ అనలేదు, వెళ్ళిపోమన్నారు.

దీనికి పరికరాలు లేవా అంటే ఉన్నాయి, కాకపోతే మా ప్రాంతానికి తగినవి ఎంచుకోవాలి. లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే చేతి యంత్రాలు, రామన్ యంత్రాలు అంటారు, కొకైన్, మెత్ లాంటి మత్తు పొడులకు బాగా పనిచేస్తాయి, పారదర్శకమైన కవర్ మీదనుంచే చెప్పేస్తాయి. గంజాయి లాంటి ఆకు సరుకు మీద ఆ లేజర్ పడితే మొక్కే వెలుగు చిమ్మి యంత్రం చూడాల్సిన గుర్తును కప్పేస్తుంది. అవి ఇక్కడికి పంపి లాభం లేదు. రంగు మారే కిట్లు అనుమానాన్ని బలపరుస్తాయి అంతే, నిర్ధారణకు ల్యాబ్ కావాలి. మాకు కావలసింది పంజాబ్‌లో పాకిస్తాన్ వైపు అటారీ సరిహద్దులో పెట్టినట్టు లారీని లారీగా స్కాన్ చేసే యంత్రం. లోడు కింద తొట్టెకు దొంగ అర కట్టారంటే ఆ ఆకారం అందులో కనిపిస్తుంది, ఊచకు ఎప్పటికీ దొరకదు. సుంకి వైపు ఒకటి, రాయగడ వైపు ఒకటి, మల్కన్‌గిరి నుంచి చింతూరు దిగే దారిలో ఒకటి. అంత డబ్బు లేదంటే శిక్షణ పొందిన కుక్కలను పెంచండి. అయితే కుక్క కూడా గంటల తరబడి పనిచేయలేదు, కాసేపు పని, కాసేపు విశ్రాంతి, అందుకని ఒకచోట ఒకటి చాలదు.

డ్రోన్ల గురించి చివరగా చెబుతాను. ఆంధ్ర వైపు 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కేజీలు తగలబెట్టారు, ఇప్పుడు గంజాయిని అరికట్టడానికి అక్కడి ప్రభుత్వం పెట్టిన ఈగల్ దళం డ్రోన్లతో కొండలు గాలిస్తోంది. అటు నరికితే సాగు ఇటు మా కొండలకు జరిగింది. ఆకాశం నుంచి చూస్తే తోట ఎక్కడుందో తెలుస్తుంది, విత్తనం ఎవరిచ్చారో, అడ్వాన్సు ఎవరు పెట్టారో తెలియదు. తోట నరికిన రోజున నష్టపోయేది కొండమీది రైతు ఒక్కడే, డబ్బు పెట్టినవాడు పైఏడు ఇంకో కొండ చూసుకుంటాడు. మత్తుమందుల సమాచారం చెప్పడానికి 2024 జూలైలో మొదలుపెట్టిన 1933 నంబరుకు మా కొండల నుంచి ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు, భయం లేకపోతే. కువి, దేశియా భాషలు వచ్చిన మనిషి అటువైపు ఫోన్ ఎత్తాలి, చేసినవాడి పేరు ఊళ్ళో పొక్కకూడదు.

ఎక్కువ రాశాను, క్షమించండి. మీ అధికారులు ఎవరైనా ఈ వైపు వస్తే కుందులి సంతకు రమ్మనండి. తడి బస్తా ఒకటి నా కాటా మీద పెట్టి తూచి, దాన్నే ఆరబెట్టి మూడో రోజు మళ్ళీ తూచి చూపిస్తాను. రెండు అంకెలూ వాళ్ళే రాసుకుని మీకు తెచ్చి ఇస్తారు.

ఇట్లు,
సిమిలిగుడ నుంచి ఒక అల్లం వ్యాపారి