బొబ్బిలి స్తంభం దగ్గర పిల్లలకు ఏం చెబుతున్నాం?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మా మనవడిని బొబ్బిలి యుద్ధ స్తంభం చూపించడానికి తీసుకెళ్లాను. వాడు రాతి మీద చెయ్యి ఆనించి నిలబడి, 'తాతా, లోపలున్న పిల్లలేమయ్యారు?' అని అడిగాడు. నాకు గొంతు పట్టేసింది.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం పెద విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. ఇక నిలవదని తెలిశాక శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు, బొబ్బిలి రాజు రంగారావు పోరులో నేలకొరిగారు, ఆ తర్వాత మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని చంపాడు. మనం పాపారాయుడి దగ్గరే ఆగిపోతాం. ఆ పసివాళ్ల మాట ఎత్తం.

స్తంభం కట్టింది 1891లో. ఇటు పద్మనాభంలో 1794 జులై 10న, పేష్కష్ (కప్పం) బాకీల తగాదాలో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఆయన మనుషులు పడిపోయారు, అదీ మన కథే.

ఏటా జనవరి 24న చుట్టుపక్కల బడిపిల్లలను స్తంభం దగ్గరకు తీసుకెళ్లి, ఇదంతా తేలిక తెలుగులో, ఏదీ దాచకుండా చెప్పించండి. ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

– ఒక రిటైర్డ్ టీచర్, విజయనగరం