నెమలీకల కట్ట

నరసరావుపేట
ఆదివారం, తెల్లవారుజాము

ఒరేయ్ సైదులూ,

తాతవయ్యావన్న కబురు తెలిసి పది రోజులైంది. ఫోన్లో ఆ హడావుడిలో మనం సరిగ్గా మాట్లాడుకోనే లేదు. పాప, అమ్మాయి ఇద్దరూ కులాసాగా ఉన్నారన్నావు, అదే పదివేలు. "రోహిణి రెండో పాదం, 'వా' అక్షరం వచ్చింది, ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాడివి, మంచి పేరు చూడు" అన్నావు కదా. చూశాను. అవి చివర్లో చెప్తాను. ముందు నీకు ఇంకో సంగతి చెప్పాలి. మూడు రోజులుగా నా మనసు దాని చుట్టే తిరుగుతోంది. ఫోన్లో మొదలుపెడితే సగంలో ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే కాగితం తీశాను.

పేట వచ్చింది పెద్దమ్మని చూడటానికి. ఎనభై నాలుగేళ్లు. చూపు ఆనట్లేదు గానీ జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ పోయి రెండేళ్లు. నేను పుట్టిన రోజుల సంగతులు చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఈవిడ ఒక్కతే. గురువారం రాత్రి మంచం పక్కన కూర్చుని, నీకు మనవరాలు పుట్టిందనీ, పేరు కోసం అమ్మాయీ అల్లుడూ యాప్‌లు వెతుకుతున్నారనీ చెప్పాను. "వాడి పేరు వాడికెట్టా వచ్చిందో వాడికి తెలుసంటనా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ తర్వాత మాట నా పేరు మీదికి మళ్లింది.

నా పేరు కథ నీకు తెలిసిందే. మనం ఒకే బెంచీ ఎక్కింది పేర్ల వల్లే కదా! ఆరో తరగతిలో కొత్తగా వచ్చిన మేష్టారు హాజరు పిలుస్తూ, "మస్తాన్ రావు, సైదులు, మీరిద్దరూ సాయిబుల పిల్లలా?" అంటే నువ్వు లేచి, "కాదండీ, మొక్కు పిల్లలం" అన్నావు. ఆ మాట ఎవరు నేర్పారో గానీ, దాన్ని మించిన జవాబు నేనింతవరకు వినలేదు. నాకు ముందు అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే, ఒక పిల్ల మూడో నెలలో. నేను కడుపున పడ్డప్పుడు అమ్మమ్మ గుంటూరు మస్తానయ్య దర్గాకి మొక్కుకుంది, బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటామని. నిలిచాను. మాచర్లలో చిన్న రైలెక్కించి గుంటూరు తీసుకెళ్లి, దర్గాలో చక్కెర పంచి పేరు పెట్టారు.

నా మొట్టమొదటి జ్ఞాపకం కూడా అదే అని నీకు ఎన్నిసార్లు చెప్పానో! ఆకుపచ్చ గుడ్డ, ఊదు పొగ, తెల్ల గడ్డం, తల మీద మెత్తగా తగిలే నెమలీకల కట్ట. అమ్మ చంకలో ఉండి, కాస్త ఎత్తు నుంచి అదంతా చూస్తున్నట్టు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. యాభై ఏళ్లుగా దాన్ని దేవుడి పటంలా దాచుకున్నాను.

పెద్దమ్మ అంతా విని మెల్లగా అంది: "నీకెట్టా గుర్తుంటదిరా? అప్పటికి నీకు అయిదో నెల. రైల్లో ఏడ్చి ఏడ్చి నిద్రపోయావు, దర్గాలో కళ్లే తెరవలా. అమ్మ నీరసంగా ఉందని ఎత్తుకుంది నేను." నాకు నోట మాట రాలేదు. మరి నెమలీకలు? "అది మన వాకిట్లో. బేస్తవారం బేస్తవారం ఫకీరు వచ్చేవాడు. ఊదు వేసి, పిల్లల తలల మీద నెమలీకలు ఆడించి, సోలెడు బియ్యం పోయించుకుని పోయేవాడు. నీకు అప్పుడు నాలుగేళ్లు. అందరికన్నా ముందు అరుగెక్కి నిలబడేవాడివి."

అరుగు! ఆ ఎత్తు అమ్మ చంక కాదు, మా ఇంటి అరుగు. ఆకుపచ్చ గుడ్డ ఆ ఫకీరు భుజం మీది తువ్వాలు. నేను చూసింది నిజమే, చూసిన చోటు వేరు. ఇంట్లో నా పేరు కథ చెప్పినప్పుడల్లా ఆ వాకిలిని నేనే కొద్దికొద్దిగా జరుపుకుంటూ గుంటూరు దాకా తీసుకుపోయినట్టున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనస్తత్వశాస్త్రం చదివిన మా అమ్మాయికి ఫోన్ చేస్తే బోలెడు పంపింది. రెండు రోజులుగా కళ్లద్దాలు తుడుచుకుంటూ అవే చదువుతున్నాను. నీ మనవరాలికి సంబంధించినవి కూడా ఉన్నాయి, విను.

మొదటి జ్ఞాపకం ఏమిటని మనుషుల్ని అడిగి రాసుకోవడం 1890ల నుంచే ఉందట. పెద్దవాళ్లని అడిగితే ఎక్కువ మంది మూడు, మూడున్నరేళ్లప్పటి సంగతే చెబుతారు. అంతకు ముందుది దాదాపు అందరికీ చీకటే. దీనికి శైశవ విస్మృతి అని పేరు పెట్టింది ఫ్రాయిడ్. ఎందుకు మరిచిపోతామన్నదానికి 2014లో టొరంటో శాస్త్రవేత్తలు ఒక కారణం చూపించారు. పసితనంలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే చోట కొత్త కణాలు విపరీతంగా పుడుతుంటాయి. అవి వచ్చి చేరేకొద్దీ పాత అల్లిక చెదిరిపోతుంది. ఎలుకల మీద చేసి చూశారు. అంటే పసిబిడ్డ మెదడు ఎదగడానికే ఆ జ్ఞాపకాలని వదులుకుంటోందన్నమాట. ఇది చదివాక నాకెందుకో ఎంతో ఊరటగా అనిపించింది.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో ప్రచురించిన పరిశోధన. రెండు మూడేళ్ల పిల్లలకి ఒక వింత యంత్రం చూపించారు. పెద్ద బొమ్మ లోపల వేస్తే అలాంటిదే చిన్న బొమ్మ బయటికొస్తుంది. ఆరు నెలలకి కొందరిని, ఏడాదికి కొందరిని మళ్లీ కలిసి, అప్పుడేం జరిగిందో చెప్పమన్నారు. ఈలోగా పిల్లలు ఎన్నో మాటలు నేర్చుకున్నారు. అయినా ఆ రోజుకి తమకు తెలిసిన మాటలతోనే చెప్పారు తప్ప, కొత్తగా నేర్చిన మాట ఒక్కటీ ఆ పాత అనుభవానికి తొడగలేకపోయారట! మాట రాకముందు జరిగింది మాటలోకి రాదు. ఇది చదివి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మరి పేరు? అదొక్కటే ముందొస్తుంది. నాలుగున్నర నెలల పసిపిల్లలు వేరే పేర్ల కన్నా తమ పేరు వినిపించినప్పుడు ఎక్కువసేపు చెవి ఒగ్గుతారని 1995లో అమెరికాలో కనిపెట్టారు. అప్పటికి వాళ్లకి అమ్మ అన్న మాట కూడా రాదు. నీ మనవరాలు బోర్లాపడే వేళకి తన పేరు గుర్తుపడుతుంది, కానీ ఆ పేరు పెట్టిన రోజు మాత్రం ఎప్పటికీ గుర్తుండదు. ఆ రోజుని నువ్వు గుర్తుంచుకుని దానికి చెప్పాలి, సైదులూ. ఇంకెవరు చెప్తారు?

ఇలా చెప్పడంలో ఎంత బలముందో కూడా చదివాను. న్యూజిలాండ్‌లోనే మావోరీలని అడిగితే, వాళ్ల మొదటి జ్ఞాపకం సగటున రెండున్నరేళ్ల దగ్గరుందట. తక్కినవాళ్లకన్నా చాలా ముందు. పాత సంగతుల్ని, పుట్టుపూర్వోత్తరాల్ని పిల్లల దగ్గర పదేపదే చెప్పుకునే అలవాటు వాళ్లకుండటమే కారణమని ఆ పరిశోధకులు అనుకున్నారు. మన వెన్నెల మంచాలు గుర్తొచ్చాయి నాకు.

అయితే చెప్పడం వల్ల నాకు జరిగినట్టు కూడా జరుగుతుంది. పిల్లల మనసు గురించి జీవితమంతా పరిశోధించిన పియాజే అనే స్విట్జర్లాండ్ పెద్దాయన ఉన్నాడు కదా. ఆయనకి రెండేళ్లప్పుడు పారిస్ వీధిలో తోపుడు బండిలోంచి ఎవడో ఎత్తుకుపోబోతే ఆయా అడ్డుపడి కాపాడిందనీ, ఆమె ముఖం మీద గీరుకుపోయిన గాట్లనీ కళ్లకి కట్టినట్టు గుర్తుంచుకున్నాడు. ఆయనకి పదిహేనేళ్లప్పుడు ఆ ఆయా ఉత్తరం రాసింది, అదంతా కల్పించి చెప్పానని. బహుమానంగా తీసుకున్న గడియారం కూడా వెనక్కిచ్చేసింది. ఆయనకి మిగిలింది ఇంట్లో విన్న మాట, దాని చుట్టూ అల్లుకున్న బొమ్మ. నాది అంతకన్నా నయం, నా ఫకీరు నిజంగా వచ్చాడు.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ మళ్లీ పేర్లెత్తుకుంది. మా చిన్న బాబాయి నీకు తెలుసు కదా, ప్రసాద్ అంటారు. అసలు పేరు పెంటయ్య. నాయనమ్మకి వరసగా ముగ్గురు పోయాక పుట్టాడు. పదకొండో రోజున చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టి వెనక్కి తిరక్కుండా వచ్చేశారట. మంత్రసాని వెళ్లి, "ఎవరో పారేసిన బిడ్డ, పెంచుకుంటారా అమ్మా" అని గుప్పెడు తవుడుకి మళ్లీ నాయనమ్మకే అమ్మింది. చెత్తలో దొరికిన బిడ్డ మీద మృత్యువుకి కన్ను పడదని నమ్మకం. తవుడిచ్చి కొన్నందుకు శ్రీకాకుళం వైపు తవిటయ్యలు, తవిటమ్మలు ఉంటారు. బిచ్చమెత్తి పేరు పెడితే తిరిపాలు, భిక్షమయ్య. ఈ పేర్లు విని కాలేజీలో నవ్వుకున్నవాళ్లున్నారు. బాబాయి ఆ నవ్వులు భరించలేక పేరు మార్చుకుని పేపర్లో ప్రకటన వేయించాడు. నాయనమ్మ మాత్రం చనిపోయేదాకా ఒక్కసారి కూడా ప్రసాదూ అనలేదట. "నిన్ను నిలబెట్టిన పేరురా అది" అనేదట. బాబాయిని తప్పుబట్టను, ఆ వయసులో అది చాలా నొప్పి. కానీ నాయనమ్మ మాట విన్నాక నాకు కన్నీళ్లాగలేదు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020కి అది 28కి తగ్గింది. పెంటయ్యలు, తిరిపాలులు కొత్తగా పుట్టకపోవడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదురా. టీకాలు వచ్చాయి, ఆసుపత్రి కాన్పులు వచ్చాయి, ఆ భయం తగ్గింది. ఆ పేర్లు పోయినందుకు నాకు సంతోషమే. వాటి వెనకున్న తల్లుల కథలు కూడా పోతున్నాయే అన్నదే బాధ.

ఒకప్పుడు పేరు వింటే ఆ ఇంటి మొక్కు ఏ గుడికో తెలిసేది. అప్పలనాయుడంటే సింహాచలం, పైడిరాజంటే విజయనగరం పైడితల్లి, పెంచలయ్య అంటే పెంచలకోన. సమ్మయ్యా సారయ్యా అంటే మేడారం, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. పుట్టలో పాలు పోసి కన్న పిల్లలు సుబ్బారావులు. ఇక్కడ పేటలో కోటయ్యా అని కేకేస్తే కోటప్పకొండ దయవల్ల నలుగురు తిరిగి చూస్తారు. దేవుణ్ణి నమ్మని ఇంట్లో కూడా పేరు ఊరికే పెట్టలేదు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు 1930లో పుట్టిన కొడుకుకి ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా లవణం అని పెట్టారు. తొమ్మిదో సంతానానికి 'నౌ' అన్నారు, హిందీలో తొమ్మిది అని!

ఇక నీ సంగతి. పెద్దమ్మ చెప్పినంతవరకు రాస్తున్నాను. నిన్ను జాన్‌పహాడ్ సైదన్న దర్గాకి తీసుకెళ్లింది మీ నాయనమ్మ. జనవరిలో జరిగే ఉర్సు జాతరకి, చలిలో, కృష్ణ దాటి పడవ మీద. ఆవిడ నిన్ను తన చీర కొంగులో చుట్టుకుని కూర్చుందట. అక్కడ కందూరు, అదే మొక్కు విందు, చేసి సైదన్న పేరు పెట్టి తెచ్చారు. మా అమ్మమ్మ కూడా ఆ పడవలో ఉంది. అయితే అసలు మొక్కు ఎందుకు మొక్కారో పెద్దమ్మకి తెలియదు. నీకు ముందు ఎవరైనా పోయారా, నీకే జబ్బు చేసిందా, మీ నాన్నకి ఏదైనా గండమా? "అది వాళ్లమ్మకే తెలుసు, అడగమను" అంది. మీ అమ్మగారు ఇంకా ఓపికగా మాట్లాడుతున్నారు కదా. వచ్చే ఆదివారమే వెళ్లి అడగరా. ఫోన్లో రికార్డు చెయ్యి. నేను మా అమ్మని అడగలేదు. నా బొమ్మ నాకు గుర్తుందిగా అనుకున్నాను.

పేర్లు: వాణి, వాసంతి, వాగ్దేవి. నాకు వాసంతి ఇష్టం. ఏది పెట్టినా, ఎందుకు పెట్టారో, ఆ రోజు ఎవరెవరున్నారో, వాన పడిందో ఎండ కాసిందో ఒక కాగితం మీద రాయించి మీ అమ్మగారి చేత సంతకం పెట్టించు. బియ్యంలో ఉంగరంతో రాసేది సాయంత్రానికి చెరిగిపోతుంది.

బారసాల ఇరవై ఒకటో రోజు కదా, ముందు రోజు రాత్రికే దిగుతాను. పెద్దమ్మ పాపకి ఒక పాత చీర ఇచ్చింది, ఉయ్యాలకి. తను కట్టిన నూలు చీర, మెత్తగా ఉంది. అమ్మాయికి చెప్పు.

నీ
మస్తాన్