సోడాలన్నీ ఒకటి కావు

సంపాదకులకు,

కిరాణా కొట్లో ‘సోడా’ అనడిగితే మూడు వేర్వేరు సరుకుల్లో ఏదైనా చేతికి రావచ్చు. బజ్జీల పిండిలో చిటికెడు వేసేది వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్. బట్టలకు వాడే చాకలి సోడా సోడియం కార్బొనేట్. అది తినేది కాదు. రెండూ తెల్లటి పొడులే. నిమ్మరసం పిండితే రెండూ పొంగుతాయి కనుక ఆ పరీక్ష దండగ. కాస్త నీళ్లలో కలిపి చిటికెడు పసుపు వేయండి: చాకలి సోడా అయితే కుంకుమలా ఎర్రబడుతుంది, వంట సోడా అయితే రంగు కొద్దిగానే మారుతుంది.

కాస్టిక్ సోడా సంగతి వేరు. అది సోడియం హైడ్రాక్సైడ్. చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. నీళ్లలో దాన్ని కొద్దికొద్దిగా వేయాలి. దాని మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహాన చిందుతుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు. లోహాన్ని తినేసి, మండే హైడ్రోజన్‌ను వదులుతుంది. ఒంటి మీద పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. విరుగుడంటూ నిమ్మరసం రాయకూడదు. మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొట్లాల్లో అమ్మేవాళ్లు ‘సోడా’ అని ఊరుకోకుండా పూర్తి పేరు రాయాలని మనవి.

— ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు